కొలిచిన మనిషి – చూసిన మనిషి

ఆంధ్ర చిత్రకళ ప్రసక్తి వచ్చినప్పుడు మన విమర్శకులు పూర్తి అయిన చిత్రాల దగ్గరే ఆగిపోతారు. దామెర్ల రామారావు అనగానే ‘పుష్పాలంకారం’, ‘సిద్ధార్థ రాగోదయం’, ‘నంది పూజ’ అని పేర్లు వరుసగా వస్తాయి. రంగుల లాలిత్యాన్ని గురించి నాలుగు మంచి మాటలు, అకాల మరణాన్ని గురించి ఒక నిట్టూర్పు; అంతటితో వ్యాసం ముగుస్తుంది. ఆ రంగుల వెనుక ఉన్న పెన్సిలు పనిని గురించి, అంటే మనిషి బొమ్మ గీయడం ఆ తరంవారు ఎలా నేర్చుకొన్నారన్న విషయాన్ని గురించి పట్టించుకొన్నవారు తక్కువ. సాహిత్యంలో చిత్తుప్రతికి ఉన్నపాటి గౌరవం కూడా చిత్రకళలో చిత్తుబొమ్మకు లేదు. నాకు మాత్రం అసలు చరిత్ర ఆ చిత్తుబొమ్మల్లోనే ఉన్నదని తోస్తుంది. పూర్తి చిత్రంలో ఎవరుండాలో పురాణమూ, పోషకుడూ, బహుమతి ఇచ్చే సంఘమూ కలిసి నిర్ణయిస్తారు. జేబులో పట్టే పుస్తకంలో ఎవరుండాలన్నది మాత్రం ఆ పూట రేవులో ఎవరున్నారన్నదాన్ని బట్టే ఉంటుంది.

1909 సంవత్సరాన్ని జ్ఞాపకం చేసుకోవాలి. ఆ ఏడు మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సహాయంతో, దక్షిణాది కులాల మీదా తెగల మీదా ఏడు సంపుటాల గ్రంథం వెలువరించాడు. అదే ఏడు ఓస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు యువకుడు రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చాడు. ఇద్దరూ ఒకే ప్రభుత్వపు ఉద్యోగులు. ఇద్దరూ మన మనుషులను చూసి బొమ్మకట్టినవారే. అయితే చూసిన తీరులో ఎంతో తేడా ఉన్నది. థర్‌స్టన్ చేతిలో కొలత పరికరాలున్నాయి. ముక్కు వెడల్పెంత, పొడవెంత, తల చుట్టుకొలత ఎంత అని లెక్కకట్టి, ఆ లెక్కకొక కులం పేరు తగిలించడం ఆయన పద్ధతి. మ్యూజియం చూడవచ్చిన జనం కూడా ఆ కొలతబద్ద నుంచి తప్పించుకోలేకపోయారు. ఆ గ్రంథంలో మనుషుల ఫోటోలున్నాయి. చాలాచోట్ల మనిషికి పేరు లేదు, కులానికే పేరున్నది. ఒక మనిషి ఒక ‘రకం’గా మారిపోవడం అంటే ఇదే. పాలకునికి రకాలు కావాలి. ఏ రకం వాణ్ణి సైన్యంలోకి తీసుకోవాలి, ఏ రకం వాణ్ణి నేరస్థుల జాబితాలో పెట్టాలి అన్నది ఆ రకాల మీదే ఆధారపడి ఉండేది గదా.

మనిషిని కొలిచి గీయడం పరాయి ప్రభుత్వం తెచ్చిన అలవాటని అనుకొంటే అది పొరపాటు. మన శిల్పశాస్త్రాలు కొలతల మీదనే నిలబడ్డాయి. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం పురుషులను హంస, భద్ర, మాలవ్య, రుచక, శశక అని అయిదు రకాలుగా విభజించింది. హంసుని ఎత్తు అతని సొంత అంగుళాలలో 108, భద్రుడు 106, మాలవ్యుడు 104, రుచకుడు 100, శశకుడు 90. ఎవరి వేలితో వారినే కొలవడమన్నది ఎంత తెలివైన ఊహ! శరీరానికి బయటి గజంబద్ద అక్కరలేదు, దాని కొలత దానిలోనే ఉన్నది. కానీ ఈ అయిదు కొలతల్లోనూ వరి కోసే మనిషికి చోటు దొరకదు. రాజులు, దేవతలు, యక్షులు, గంధర్వులు, ఎవరికి ఏ కొలతో శాస్త్రం చెప్పింది. మడిలో నడుము వంచిన మనిషి ఎన్ని అంగుళాలుంటాడని ఏ శాస్త్రకారుడూ అడగలేదు. వంగిన మనిషి తాళమానానికి లొంగడు.

మూడో కొలత యూరపు నుంచి వచ్చింది. 1857లో బొంబాయిలో మొదలైన సర్ జె.జె. కళాశాలలో విద్యార్థి ముందుగా చేయవలసిన పని గ్రీకు శిల్పాల ప్లాస్టరు నమూనాలను చూసి గీయడం. తెల్లని సున్నపు దేవతను ముందు పెట్టుకొని, వెలుగునీడలు తూచి తూచి వారాల తరబడి ఒకే బొమ్మ గీసేవారు. చేతికి క్రమశిక్షణ వస్తుంది, కాదనను. కానీ ప్లాస్టరు బొమ్మ ఊపిరి తీయదు, కాలు మార్చి నిలబడదు. ముఖ్యంగా, అది తిరిగి మనవైపు చూడదు.

ఈ మూడు కొలతలకూ ఎడంగా, గోదావరి గట్టున మరొక చదువు సాగింది. కూల్డ్రే 1909 నుంచి 1919 దాకా, సుమారు పదేళ్లు, రాజమహేంద్రవరంలో ఉన్నాడు. ఆక్స్‌ఫర్డులో చదివినవాడు, నీటిరంగుల బొమ్మలు వేసేవాడు, రచయిత. వినికిడి తగ్గిపోయి స్వదేశానికి వెళ్లిపోయిన తర్వాత 1924లో దక్షిణ భారత జీవితాన్ని గురించి ఒక పుస్తకం ప్రకటించాడు. 1958లో చనిపోయాడు. ఆయన శిష్యులలో అడవి బాపిరాజు, కవికొండల వెంకటరావు వంటివారున్నారు. క్లాసుగది దాటి కుర్రవాళ్లను వెంటబెట్టుకొని తిరగడం, ఎదురుగా ఉన్నదాన్ని చూసి గీయమనడం ఆయనకు అలవాటు. ఒక సామ్రాజ్యోద్యోగిని మనం పొగడడమేమిటని విద్యార్థి మిత్రులు అడగవచ్చు. కూల్డ్రే జీతం డెల్టా రైతులు కట్టిన శిస్తు నుంచి వచ్చినదే. ఆ సంగతి మరవనక్కరలేదు. అయినా ఆ జీతంలో కొంతభాగం ఒక తెలుగు కుర్రవాని బొంబాయి చదువుకు ఖర్చయిందన్నదీ వాస్తవమే.

ఆ కుర్రవాడు దామెర్ల రామారావు. 1897 మార్చి 8న రాజమహేంద్రవరంలో పుట్టాడు. పాఠ్యపుస్తకాలకన్నా బొమ్మల మీద ధ్యాస ఎక్కువ. కూల్డ్రే కంటబడ్డాడు. 1916లో జె.జె. కళాశాలకు వెళ్లేనాటికే అతని చేతిలో గీత కుదురుకొన్నది. అక్కడి ప్రిన్సిపాలు సిసిల్ బర్న్స్ అతన్ని మొదటి తరగతులతో పని లేకుండా నేరుగా పైతరగతిలో చేర్చుకొన్నాడంటే, ప్లాస్టరు దేవతల దగ్గర నేర్వవలసినదాన్ని అతడు గోదావరి గట్టు మీదే మరో విధంగా నేర్చాడన్నమాట.

ఆ మరో విధం ఏమిటో కాస్త విడమరిచి చెప్పుకోవాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయి, కాలువలు తవ్విన తర్వాత డెల్టా అంతా పడవల మీద నడిచింది. రేవు అంటే సంత, రోడ్డు, స్నానఘట్టం, చాకిరేవు, అన్నీ ఒకచోటే. బొమ్మలు నేర్చుకొనేవానికి ఇంతకు మించిన బడి లేదు, ఎందుకంటే అక్కడ ఎవ్వరూ నిలకడగా నిలబడరు. గెడ వేసే పడవవాడు గెడను భుజానికి ఆనించి, ముందుకు వాలి, పడవ అంచు మీద అడుగులో అడుగు వేసుకొంటూ నడుస్తాడు. ఆ వాలు రెండు క్షణాలు కంటికి దొరుకుతుంది. కన్ను, ముక్కు, వేలిగోళ్లు గీయడం మొదలుపెట్టినవానికి రెండు క్షణాలు చాలవు. కాబట్టి అతడు తప్పనిసరిగా ఒక నిర్ణయం చేసుకోవాలి: ఈ మనిషిలో ముందు గీయవలసినది ఏది? మడమ నుంచి మెడ దాకా సాగే ఒకే ఒక్క వాలుగీత. అది కుదిరితే మిగిలినది రేపు గీసినా ఫరవాలేదు. అది కుదరకపోతే ముఖం ఎంత అందంగా గీసినా పడవ కదలదు.

రోజూ గీయడంలోని కీలకం ఇక్కడే ఉన్నది. ఒక బొమ్మ మీద నెలరోజులు కూర్చుంటే చేతికి నునుపు వస్తుంది. నెలరోజులపాటు రోజుకు ఇరవై బొమ్మలు గీస్తే కంటికి తీర్పు వస్తుంది. ఏ కాలు మీద బరువుందో ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, దానికి ఎదురుగా భుజం కిందికి దిగుతుంది. బరువు మోసే పాదం గొంతు గుంటకు సరిగ్గా దిగువన ఉంటుంది. ఈ సూత్రాలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. కానీ చంకన బిందె పెట్టుకొని మెట్లెక్కే యాభైమంది ఆడవాళ్లను గీసినవానికి వీటిని ఎవరూ చెప్పనక్కరలేదు. నిజానికి మన శిల్పులు త్రిభంగమని పేరుపెట్టి దేవతకు ఇచ్చిన ఒంపు నీళ్లబిందె మోసే మనిషిదేనని నా నమ్మకం. దేవత చంకలోంచి బిందె తీసేశారు, ఒంపు మాత్రం ఉంచుకొన్నారు. శాస్త్రం మూలాన్ని మరిచిపోవడం మనకు కొత్త కాదు.

బొంబాయిలో రామారావు చదువు ముగింపుకు వచ్చే రోజుల్లో గ్లాడ్‌స్టన్ సాలమన్ ఆధ్వర్యంలో, 1919లో, సజీవమైన మోడలును ఎదుట నిలిపి గీయించే తరగతి ఏర్పడింది. ఇది పెద్ద ముందడుగు. ఎముక ఎక్కడుంది, కండ ఎలా తిరిగింది అని తెలియాలంటే ఒక మనిషి గంటలకొద్దీ కదలకుండా ఉండాలి. అయితే ఆ మోడలు ఎవరు? కూలి తీసుకొని కదలకుండా నిలబడే పేద మనిషి. చిత్రకళా చరిత్ర ఉపాధ్యాయుని పేరు రాసింది, విద్యార్థి పేరు రాసింది, పతకాల పేర్లు రాసింది. ఆ పీట మీద నిలబడిన మనిషి పేరు రాయలేదు. నిశ్చలంగా ఉండడం కూడా ఒక శ్రమేనని ఎప్పుడైనా పావుగంట చేతులు చాచి నిలబడితే తెలుస్తుంది.

అదే కాలంలో కలకత్తాలో దీనికి ఎదురు వాదం నడుస్తున్నది. 1914లో అవనీంద్రనాథ్ ఠాకూర్ భారతీయ శరీర నిర్మాణాన్ని గురించి ఒక చిన్న గ్రంథం రాశాడు. కన్ను చేప వలె, మొండెం ఆవు ముఖం వలె, చేయి ఏనుగు తొండం వలె ఉండాలని, శరీరాన్ని ప్రకృతిలోని ఆకారాలతో పోల్చి గీయాలని ఆయన ప్రతిపాదన. జాతీయోద్యమ దినాలలో ఆ మాటకు ఎంతో ఆకర్షణ ఉండేది. గ్రీకు ప్లాస్టరును కాదనడం స్వదేశీ ఉద్యమంలో భాగమే. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీ బోధించినది ఆ వంగ సంప్రదాయమే, బాపిరాజు ఆయన వద్ద కూడా నేర్చుకొన్నాడు. అందువల్ల గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ రెండు చిత్రకళలు ముఖాముఖి నిలిచాయి. చేప వంటి కన్ను అందమైనదే. కానీ చేపలు పట్టే మనిషి కన్ను ఎలా ఉంటుందో అది చెప్పదు.

రామారావు ఈ రెంటికీ మధ్య సొంత దారి వెతికాడు. చదువు ముగించుకొని దేశం తిరిగి, సొంత ఊరు చేరి, 1922, 1923 సంవత్సరాలలో రాజమహేంద్రవరంలో చిత్రకళాశాలనూ, ఆంధ్ర భారతీయ చిత్రకళా సంఘాన్నీ నెలకొల్పాడు. ఆయన భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ చిత్రకారిణులు కావడం ఆ రోజులకు చిన్న విషయం కాదు. రేవులో కూర్చొని పరాయి మగవాళ్లను గీసే స్వేచ్ఛ ఏ ఇంటి స్త్రీకి ఉన్నది? పురుషుడు ఊరంతా తిరిగి నేర్చుకొన్నదాన్ని స్త్రీ వాకిట్లోనూ, వంటింట్లోనూ, తోటి స్త్రీలను చూసే నేర్చుకోవలసి వచ్చింది. వారిద్దరి పనిని ఈ కోణం నుంచి పరిశీలించే పరిశోధకులు రావాలి.

1925 ఫిబ్రవరి 6న మశూచితో రామారావు చనిపోయాడు. ఇరవై ఎనిమిది ఇంకా నిండలేదు. వరద వెంకటరత్నం పాఠశాలను చాలా ఏళ్లు నడిపించాడు. రామారావు చిత్రాలు ఆయన పేరిట ఉన్న రాజమహేంద్రవరం చిత్రశాలలో ఈనాటికీ చూడవచ్చు.

ఇక ఒక కఠినమైన ప్రశ్న వేయక తప్పదు. గీతలో ఇంత జీవం నేర్చుకొన్న చిత్రకారుని ప్రసిద్ధ చిత్రాలలో మనకు కనిపించేది ఎవరు? సిద్ధార్థుడు, ఋష్యశృంగుడు, కృష్ణుడు, పూలు ముడుచుకొనే యువతులు. ఆ యువతుల నడకలో, మెడ తిప్పడంలో గోదావరి ఆడవాళ్ల తీరు ఉన్నది, అది రేవు నేర్పినదే. కానీ పని పోయింది, అలసట పోయింది. బిందె మోసే ఒంపు మళ్లీ ఒకసారి బిందెను వదిలిపెట్టింది. దీన్ని ఆయన లోపమని నేననను. 1920లలో చిత్రాన్ని కొనేవాడు జమీందారు, మెచ్చేవాడు గవర్నరు, వేలాడేది దర్బారు గోడ మీద. మట్టి పిసికే మనిషి బొమ్మను ఆ గోడ మీదికి ఎవరు రానిస్తారు? పైగా ఇరవై ఎనిమిదేళ్లకు ఆగిపోయిన మనిషి ముప్పై ఎనిమిదింట ఏం గీసేవాడో ఎవరు చెప్పగలరు?

స్కెచ్చి పుస్తకంలోని మనిషి గోడ మీదికి రావడానికి మరికొంత కాలం పట్టింది. శాంతినికేతనంలో నందలాల్ బోస్, అవనీంద్రుని శిష్యుడయి ఉండి కూడా, చిన్న చిన్న కార్డుల మీద రోజూ కనబడినదల్లా గీసేవాడు. ఆ అలవాటు ఫలం 1938 హరిపుర కాంగ్రెసు మహాసభ పందిళ్లలో కనబడింది. దుక్కిదున్నేవాడు, డోలు వాయించేవాడు, దంచేవాళ్లు, వడికేవాళ్లు. వచ్చిన జనం తమలాటివాళ్లనే చూసుకొన్నారు. మద్రాసు కళాశాలకు 1929 నుంచి 1957 దాకా ప్రిన్సిపాలుగా ఉన్న దేవీప్రసాద్ రాయ్‌చౌధురి మెరీనా తీరంలో 1959లో నిలిపిన శ్రమ విజయ శిల్పంలో నలుగురు మనుషులు బండను నెడుతున్నారు. అందులో చూడవలసినది కండలు కాదు, కాళ్లు. బరువు ఎటు పోతున్నదో ఆ కాళ్లు చెబుతాయి.

1943 నవంబరులో చిత్తప్రసాద్ మిదునపురం జిల్లా కరువు పల్లెల్లో పెన్సిలు పట్టుకొని తిరిగాడు. ఆకలితో ముడుచుకొన్న శరీరాలను గీశాడు, వారి పేర్లు రాసుకొన్నాడు, ఏ ఊరివారో, ఏం పోగొట్టుకొన్నారో రాసుకొన్నాడు. థర్‌స్టన్ తీసివేసిన పేరును చిత్తప్రసాద్ తిరిగి చేర్చాడు! ‘హంగ్రీ బెంగాల్’ అన్న ఆ పుస్తకం ప్రతులను ప్రభుత్వం పట్టుకొని తగలబెట్టింది. 1946 డిసెంబరులో సోమనాథ్ హోర్ అనే చిత్రకళా విద్యార్థిని కమ్యూనిస్టు పార్టీ రంగపురం జిల్లాకు, తెభాగా పోరాటాన్ని చూసి రమ్మని పంపింది. అతడు డైరీ రాశాడు, పక్కనే బొమ్మలు గీశాడు. ఆ బొమ్మల్లో వీరావేశం తక్కువ. రాత్రి సభలో కూర్చొన్నవాళ్లు, ధాన్యం మోసేవాళ్లు, కర్ర పక్కన పెట్టుకొని పొగ తాగే రైతు. పంటలో మూడింట రెండువంతులు మాకు కావాలన్న మనిషి మామూలుగా ఎలా కూర్చుంటాడో ఆ బొమ్మల వల్లనే మనకు తెలుసు.

ఇక్కడ మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. అభ్యుదయ పత్రికల ముఖచిత్రాలు ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను. పిడికిలి, సుత్తి, కొడవలి, విశాలమైన ఛాతీ, దవడ ఎముక. ఆ కార్మికుడు ఏ ఊరివాడు? ఏ పని చేస్తాడు? చెప్పలేము. ఛాతీ చూస్తే కల్లుగీసేవాని ఛాతీ కాదు, భుజాలు చూస్తే బస్తాలు మోసేవాని భుజాలు కావు. బస్తాలు మోసేవానికి మెడ వెనుక కాయ కాస్తుంది, ఒక భుజం కుంగి ఉంటుంది. ఏ చిత్రకారుడూ ఆ భుజాన్ని చూడలేదు, మరో ముఖచిత్రాన్ని చూసి గీశాడు. శాస్త్రకారుని హంసపురుషుడు పోయి మన హంసపురుషుడు వచ్చాడు, అంతే తేడా. అదీ ఒక కొలతే. కాకపోతే కొలతబద్ద మనవాళ్ల చేతిలో ఉన్నది. కవిత్వంలో మూస పదాలను గురించి మనం ఎన్ని చర్చలు చేశాం! బొమ్మ దగ్గర ఎందుకు మౌనం?

నరసాపురంలో 1933లో పుట్టి మద్రాసులో చదువుకొన్న బాపును గురించి ఒక మాట. ఆయన రాజకీయాలతో మనకు పని లేదు. ఆయన వ్యంగ్యచిత్రాల్లో పెళ్లి పందిట్లో వడ్డించేవాడు, పంచె ఎగగట్టి పరుగెత్తే గుమాస్తా, నడుం మీద చేయి వేసుకొని దెబ్బలాడే ముసలమ్మ, ఎవరి బరువు వారి కాళ్ల మీద ఉంటుంది. ఆ గీతలు తక్కువ. ఆ తక్కువకు ముందు చూసినది ఎక్కువ. మన ముఖచిత్రకారులు ఆయన నుంచి నేర్చుకోవడానికి సిద్ధాంతమేదీ అడ్డు రాదు.

ఫోన్లో ఫోటో తీసుకొని ఇంట్లో తీరికగా గీయవచ్చు గదా అని విద్యార్థులు అంటారు. గీయవచ్చు. కానీ ఫోటో ఒక్క క్షణాన్ని కోసి ఇస్తుంది. ఆ క్షణానికి ముందు మనిషి ఎటు వంగాడు, తర్వాత ఎటు లేస్తాడన్నది గీసేవాడు తన కంటితో చూసి పోగుచేసుకోవలసిందే. ఇంకొక సంగతి కూడా ఉన్నది. ఫోటో తీసేవాడు క్షణంలో వెళ్లిపోతాడు. గీసేవాడు అక్కడే కూర్చోవాలి. కూర్చొన్నవాణ్ణి ఎదుటివాడు పలకరిస్తాడు, ఎవరి పిల్లవాడివని అడుగుతాడు, పుస్తకం తీసి చూపించమంటాడు. ప్లాస్టరు దేవత చేయని పని ఇది.

కిందటేడు మా కళాశాల పిల్లలు కొందరు అంబాజీపేటలో కొబ్బరికాయల ఒలుపు దగ్గర వారం రోజులు కూర్చొని గీశారు. నేను తెలుగు చెప్పేవాణ్ణి, బొమ్మలు దిద్దే అర్హత నాకు లేదు, తోడుగా వెళ్లాను. నేలలో పాతిన గునపం, దాని మీద కాయను గుచ్చి మెలితిప్పే మనిషి, ఒక్కొక్క కాయకు నాలుగైదు క్షణాలు. మూడో రోజున ఒక పిల్ల గీసిన బొమ్మను ఆ ఒలిచే పెద్దాయన అడిగి తీసుకొన్నాడు. పేజీని దూరంగా పట్టుకొని చాలాసేపు చూశాడు. “ముఖం నాదేనమ్మా, బాగానే పడింది” అన్నాడు. తర్వాత వేలితో భుజం దగ్గర గీతను చూపించి, “బలమంతా చేతుల్లో పెట్టేశావేంటమ్మా? చేతుల్తో ఒలిస్తే పది కాయలకే పడిపోతాం. బలం నడుంలోంచి రావాలి. ఇదిగో, ఇలాగ” అని ఒక కాయ తీసుకొని, మామూలుగా చేసేదాన్ని సగం వేగంతో చేసి చూపించాడు. ఆ పిల్ల పేజీ తిప్పి మళ్లీ మొదలుపెట్టింది.